చేతి కాగితం చిరునామా చేరేదాకా

కాగితం పుట్టిన కొత్తలో దాని మీద రాసినవారు తక్కువ. చైనాలో దొరికిన తొలినాటి కాగితపు ముక్కలు క్రీస్తు పూర్వం రెండో శతాబ్దానికి చెందిన ముతక నార రకాలు కాగా, వాటిని ఎక్కువగా వస్తువులను చుట్టడానికే వాడి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు. త్సాయ్ లున్ అనే రాజోద్యోగి క్రీ.శ. 105లో మెరుగైన తయారీ పద్ధతిని చక్రవర్తికి నివేదించిన తరువాత గానీ రాతకు ఆ సరుకు విస్తృతంగా ఉపయోగపడలేదు. దాదాపు ఇరవై శతాబ్దాలు గడిచాక, ఇంట్లో ఒక గదిని కార్ఖానాగా మార్చుకొని చేతి కాగితంతో నోటుపుస్తకాలు, శుభలేఖలు, శుభాకాంక్షల కార్డులు, కవర్లు తయారుచేసి అంతర్జాలంలో అమ్ముకుంటున్న చిన్న దుకాణదారులకు ఆ మొదటి ఉపయోగమే మళ్లీ పెద్ద పరీక్షగా ఎదురవుతోంది. కాగితంతో చేసిన వస్తువును కాగితంలోనే చుట్టి, వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఇంటికి వంగకుండా, చెమ్మగిల్లకుండా, లాభం మొత్తం తపాలా ఖర్చుకే పోకుండా చేర్చడం ఆ పరీక్ష.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు సాధారణంగా ముందు వస్తువును తయారుచేసి, అమ్ముడుపోయాక దానికి తగిన పెట్టె కోసం వెతుకుతారు. నష్టం అక్కడే మొదలవుతుంది. చేతి కాగితపు వస్తువు కొలతను, మందాన్ని, చివరకు పుటల సంఖ్యను కూడా అది ప్రయాణించబోయే కవరు, కాటా, తపాలా నిబంధన కలిసి నిర్ణయించాలి. పొట్లాన్ని చివరి పనిగా చూసే దుకాణం అందమైన వస్తువులు తయారుచేయగలదేమో గాని, వాటిని అమ్మి బతకడం కష్టం.

చేతి కాగితం స్వభావం

చేతి కాగితం అంటే యంత్రపు జల్లెడ మీద నిర్విరామంగా పారే పట్టీగా కాక, ఒక్కొక్క తావుగా విడివిడిగా ఎత్తిన కాగితం. నూలు గుడ్డ పీలికలను, ముఖ్యంగా తిరుప్పూరు వంటి చోట్ల బనియన్ల కుట్టులో మిగిలే కత్తిరింపులను, ముక్కలుగా నరికి హాలెండర్ అనే యంత్రంలో నీటితో కలిపి దంచుతారు. పదిహేడో శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో రూపొందిన ఈ యంత్రంలో పళ్ల రోలరు కింద నలిగిన నూలు పోగులు చీలికలై గుజ్జుగా మారతాయి. ఆ గుజ్జును తొట్టెలో నీటితో పలుచన చేసి, చట్రంలో బిగించిన జాలితో ముంచి ఎత్తితే నీరు కారిపోయి పలుచని పొర మిగులుతుంది. దానిని గుడ్డల మధ్య పేర్చి, నొక్కి, ఆరబెట్టి, సిరా పాకకుండా గంజి వంటి పూత పూస్తారు; ఈ పూత పనిని సైజింగ్ అంటారు. చట్రం అంచుల వద్ద గుజ్జు పలుచబడి ఎగుడుదిగుడుగా ఏర్పడే అంచును డెకిల్ అంచు అంటారు. కొనుగోలుదారుకు చేతిపని నమ్మకాన్ని కలిగించేది ఆ అంచే. పార్సిల్‌లో అన్నిటికంటే ముందు నలిగేదీ అదే.

మన దేశంలో ఈ పనికి జైపూర్ పక్కనున్న సాంగానేరు పెద్ద పేరు. అక్కడి కాగ్జీ కుటుంబాలు తరతరాలుగా కాగితం ఎత్తే వృత్తిలో ఉన్నాయి; ఆ ఇంటిపేరే కాగితం నుంచి వచ్చింది. మిల్లు కాగితం ధాటికి కుదేలైన ఈ వృత్తికి గాంధీజీ ప్రోత్సాహంతో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం, దాని బాధ్యతలు మోసిన ఆర్థికవేత్త జె.సి. కుమరప్ప కొత్త ఊపిరి పోశారు. ఆయన పేరిట సాంగానేరులో చేతి కాగితం పరిశోధనకు జాతీయ సంస్థ కూడా ఏర్పడింది. పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమం ఆధ్వర్యంలోని కాగితం విభాగం 1959 నుంచి పనిచేస్తోంది. హైదరాబాదులోనో విజయవాడలోనో నోటుపుస్తకాలు కుట్టే చిన్న దుకాణదారులలో కాగితాన్ని స్వయంగా ఎత్తేవారు అరుదు. ఎక్కువమంది ఇలాంటి కేంద్రాల నుంచి తావులు తెప్పించుకొని, పెడన కలంకారీ అద్దకపు బట్టను అట్టలకు అతికించి, దారంతో కుట్టి తమ వస్తువుగా మలుచుకుంటారు. కాబట్టి వారి చేతికి అందేసరికే ఆ కాగితం ఒక ప్రయాణం పూర్తిచేసి ఉంటుంది. కొనుగోలుదారు ఇంటికి చేరేది రెండో ప్రయాణం.

చెమ్మతో తగువు

కాగితానికి తపాలాలో నీళ్లు పడటం కంటే గాలిలోని తేమ నిత్యమైన ప్రమాదం. కాగితపు పోగులు సెల్యులోజ్ అనే పదార్థంతో తయారవుతాయి. సెల్యులోజ్ చుట్టూ ఉన్న గాలిలో తేమ పెరిగితే పీల్చుకొని ఉబ్బుతుంది, తగ్గితే వదిలి ముడుచుకుంటుంది. ఈ మార్పు పోగు పొడవు వెంట స్వల్పంగాను, అడ్డంగా చాలా ఎక్కువగాను ఉంటుంది. యంత్రపు కాగితంలో పోగులు ఎక్కువగా ఒకే దిశకు తిరిగి ఉంటాయి కనుక అది ఒక పక్కకు చుట్టుకుంటుంది. చేతి కాగితంలో పోగులు అన్ని దిశలకూ చెదిరి ఉండటం వల్ల ఒక పక్కకు లాగే గుణం తక్కువ. కానీ తావు మందం అంతటా ఒకేలా ఉండదు కాబట్టి అక్కడక్కడ అలలు లేచినట్టు ముడతలు పడుతుంది. మంచి ఎండలో చదునుగా ఉన్న కార్డు ఆషాఢంలో గరిటెలా వంగడానికి కారణం ఇదే.

కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీర నగరాలలో ఏడాదిలో చాలా నెలలు గాలి తేమగానే ఉంటుంది. అక్కడ కూర్చి పంపిన నోటుపుస్తకం వేసవిలో ఢిల్లీకో జైపూరుకో చేరితే తేమ వదులుకొని ముడుచుకుంటుంది. కాగితం, బైండింగ్ అట్ట, బట్ట మూడూ వేర్వేరు మోతాదుల్లో ముడుచుకుంటాయి గనుక అట్ట నోరు తెరుచుకుంటుంది. దీనికి విరుగుడు పొట్లంలో కంటే ముందు కార్ఖానాలోనే ఉంది. అట్టలకు రెండు వైపులా కాగితం అతికించి లాగుడును సమం చేయడం, జిగురు పూర్తిగా ఆరేదాకా బరువు కింద ఉంచడం, పొట్లం కట్టే ముందు వస్తువును ఒక రోజంతా పొడి గదిలో ఆరనివ్వడం ఆ జాగ్రత్తలు. ఇందులో మూడోదాన్ని తొందరలో ఎక్కువమంది వదిలేస్తారు. తడి ఆరని నోటుపుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి అంటిస్తే, బయటి తేమ లోపలికి రాకపోవడం నిజమే గానీ లోపలి తేమ బయటికి పోయే దారి కూడా ఉండదు. పగలు లారీలో వేడెక్కిన సంచి రాత్రి చల్లబడినప్పుడు లోపలి గోడల మీద నీటి చెమ్మ పేరుకొని కాగితం మీదికి దిగుతుంది. గాలిలో తేమ 65 లేదా 70 శాతం దాటి నిలకడగా ఉంటే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. గంజి పూత, మైదా జిగురు ఉన్నచోట అది ఇంకా త్వరగా పడుతుంది. పాతకాలపు బైండర్లు మైదా జిగురులో చిటికెడు మైలతుత్తం కలిపేది పురుగు, బూజు పట్టకుండా ఉండేందుకే. అయితే అది విషపదార్థం కనుక పిల్లల చేతికి వెళ్లే వస్తువుల్లో దాన్ని మానుకోవడమే మంచిది.

అందుకని మొదటి పొర ఊపిరాడేదిగా ఉండాలి. ఆమ్లం లేని పలుచని టిష్యూ కాగితంలో గానీ, గ్లాసిన్ అనే నునుపైన, అరపారదర్శకమైన, జిడ్డు అంటని కాగితంలో గానీ వస్తువును చుట్టి, చిన్న సిలికా జెల్ పొట్లాన్ని పక్కన ఉంచి, ఆపైన అవసరమైతే వాన నీటిని ఆపే పొర వేయాలి. ఆమ్లం గురించిన జాగ్రత్త వృథా కాదు. చవక చెక్కగుజ్జు కాగితంలోని లిగ్నిన్ కాలక్రమేణా పసుపెక్కుతుంది. దాని ఆమ్లం తాకిన చోట పక్క కాగితం కూడా రంగు మారుతుంది. నూలు కాగితంలో ఆ గుణం లేదని గొప్పగా చెప్పుకొని అమ్ముతూ, దాన్ని పాత వార్తాపత్రికలో చుట్టి పంపడం ఆ గొప్పను తానే కొట్టేసుకోవడం. పైగా పత్రిక సిరా అంటితే ఆ మచ్చ పోదు.

వంగనివ్వని అట్ట

తపాలాలో ఉత్తరం, పార్సిల్ రెండూ సంచుల్లో ఒకదాని మీద ఒకటి పడతాయి, బల్లల మీద జారతాయి, కొన్నిచోట్ల యంత్రపు పట్టీల మీద సాగుతాయి, చివరి మైలులో బట్వాడా చేసే మనిషి సంచిలో మడతపడతాయి. ఈ దారిలో ఏ ఒక్కరి నిర్లక్ష్యమూ లేకపోయినా పలుచని వస్తువు వంగడం సహజం. కవరు మీద ‘వంచరాదు’ అని ముద్ర వేయడం చాలా దుకాణాలకు అలవాటు. దాని వల్ల మనసుకు ధైర్యం కలుగుతుందేమో గాని కాగితానికి బలం రాదు. వేగంగా సంచులు సర్దే మనిషి దాన్ని చదివి ఆగుతాడని అనుకోవడం అత్యాశ. వంగకుండా ఆపేది లోపలి అట్ట ఒక్కటే.

ఈ పనికి సరిపోయే అట్టలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి బైండర్లు వాడే గట్టి గ్రే బోర్డు. చిత్తు కాగితం గుజ్జుతో పొరలు పొరలుగా నొక్కి చేసిన ఈ అట్ట బరువు ఎక్కువ, బలం కూడా ఎక్కువే. రెండోది రెండు చదును కాగితాల మధ్య అలల్లాంటి కాగితాన్ని అతికించి చేసే కరుగేటెడ్ అట్ట. ఆ అలలను ఫ్లూట్ అంటారు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ గాజు వస్తువులు చుట్టడానికి ఈ ముడతల కాగితానికి పేటెంటు పొందాడు. చదును పొరలు చేరి పెట్టెలుగా మారింది ఆ తరువాతి కాలంలో. అలలున్న ఒక పొరకు రెండు వైపులా చదును కాగితం ఉంటే మూడు ప్లై అని, అలాంటి అలలు రెండు వరుసలుంటే ఐదు ప్లై అని మన బజారులో అడుగుతారు. అల ఎత్తును బట్టి సుమారు మూడు మిల్లీమీటర్లుండే బి రకం, ఒకటిన్నర మిల్లీమీటరుండే ఇ రకం వంటివి దొరుకుతాయి. కార్డుల కవర్లకు ఇ రకం చాలు.

ఇక్కడ ఒక చిన్న రహస్యం చాలా పని చేస్తుంది. అలలు సాగే దిశలో కరుగేటెడ్ అట్ట నిలువునా వంగదు. అడ్డంగా సులువుగా మడతపడుతుంది. అందువల్ల రెండు అట్టలను ఒకే దిశలో కాక, ఒకదాని అలలు మరొకదాని అలలకు అడ్డంగా వచ్చేలా పెట్టి మధ్యలో కార్డును ఉంచితే ఏ పక్కకూ వంగని పలుచని పలక తయారవుతుంది. అట్ట కార్డు కంటే అన్ని వైపులా కనీసం అర సెంటీమీటరు పెద్దదై ఉంటే డెకిల్ అంచు దెబ్బ తినదు. లోపల కార్డు జారకుండా నాలుగు మూలలకు కాగితపు మడతలతో చేసిన త్రికోణపు జేబులు సరిపోతాయి. కార్డునే టేపుతో అంటించడం ఎన్నడూ పనికిరాదు, ఎందుకంటే నూలు పోగులు టేపుతో పాటు లేచివస్తాయి.

పెద్ద తావులను మాత్రం చుట్టి గొట్టంలో పంపడం తప్పదు. అయితే చేతి కాగితం చుట్టిన వంపును గుర్తుపెట్టుకుంటుంది. గొట్టం వ్యాసం ఎంత చిన్నదైతే ఆ వంపు అంత మొండిగా ఉంటుంది. తపాలా నిబంధనల ప్రకారం గొట్టం ఆకారపు ఉత్తరానికి పొడవు, వ్యాసానికి రెట్టింపు కలిపితే 1040 మిల్లీమీటర్లు, పొడవు ఒక్కటే తీసుకుంటే 900 మిల్లీమీటర్లు మించకూడదు. ఈ కొలతలు విశ్వ తపాలా సంఘం సభ్యదేశాలన్నిటిలోనూ ఉత్తరాలకు వాడుకలో ఉన్నవే కాబట్టి, తావు కొలతను నిర్ణయించేటప్పుడే వీటిని దృష్టిలో ఉంచుకుంటే విదేశీ ఆర్డరు వచ్చినప్పుడు వెతుక్కోవలసిన పని ఉండదు.

కాటా చెప్పే లెక్క

చిన్న దుకాణం లాభనష్టాలు ఎక్కువగా తేలేది కాటా దగ్గరే. కొరియర్ సంస్థలు, తపాలా శాఖ బరువును మెట్లుగా విభజించి ఛార్జీ నిర్ణయిస్తాయి. చాలా కొరియర్ సంస్థలకు మొదటి మెట్టు 500 గ్రాములు. 500 గ్రాములకు ఒక గ్రాము మించినా తరువాతి మెట్టు ధర పడుతుంది. కాగితం బరువు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే కొలతను జీఎస్‌ఎం అంటారు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు, ఏ5 ముప్పై రెండో వంతు. ఈ రెండు సంఖ్యలు గుర్తుంటే పుస్తకం కుట్టక ముందే దాని బరువు తెలిసిపోతుంది.

ఉదాహరణకు 150 జీఎస్‌ఎం చేతి కాగితంతో ఏ5 నోటుపుస్తకం చేస్తే ఒక్కో ఆకు సుమారు 4.7 గ్రాములు తూగుతుంది. రెండు మిల్లీమీటర్ల గ్రే బోర్డు అట్టలు రెండూ కలిసి సుమారు 78 గ్రాములు, అట్ట పలకలు, కవరు, చుట్టుడు కాగితం కలిపి పొట్లం బరువు 60 గ్రాములు అనుకుంటే, 80 ఆకుల పుస్తకం 513 గ్రాములకు చేరి మెట్టు దాటుతుంది. 76 ఆకులైతే 494 గ్రాములు. కాగితం మీద సరిపోయినట్టే. కానీ వానాకాలంలో కాగితమూ అట్టా తేమ పీల్చుకొని రెండు శాతం బరువెక్కినా అది మళ్లీ 500 దాటుతుంది, అంటే జనవరిలో లాభం ఇచ్చిన పుస్తకమే ఆగస్టులో నష్టం తెస్తుంది. 72 ఆకులైతే 475 గ్రాములు. బైండర్లు నాలుగు తావులను ఒకదానిలో ఒకటి మడిచి కుట్టే కట్టలో ఎనిమిది ఆకులుంటాయి. తొమ్మిది కట్టలకు 72 ఆకులు సరిగ్గా వస్తాయి. కాబట్టి పుటల సంఖ్య నిర్ణయం ఇక్కడ సౌందర్యానిది కాదు, కాటాది. ఇది నిరుత్సాహపరిచే విషయమేమీ కాదు. తాటాకు గ్రంథాల కొలతలను తాటాకు వెడల్పు నిర్ణయించినప్పుడు ఎవరూ చింతించలేదు.

బరువుతో పాటు పరిమాణానికి కూడా లెక్క ఉంది. తేలికైనా పెద్ద పెట్టె వాహనంలో చోటు ఆక్రమిస్తుంది కనుక కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన కిలోలను పరిమాణ బరువుగా లెక్కిస్తాయి. అసలు బరువు, పరిమాణ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. పై నోటుపుస్తకాన్ని 25, 20, 8 సెంటీమీటర్ల పెట్టెలో ఉదారంగా సర్దితే పరిమాణ బరువు 800 గ్రాములు, అంటే రెండో మెట్టు. అదే పుస్తకాన్ని 24, 18, 5 సెంటీమీటర్ల పెట్టెలో బిగుతుగా సర్దితే 432 గ్రాములు మాత్రమే. మధ్యలో ఖాళీ ఉండి దాన్ని నింపడానికి కాగితపు తురుము పోసే దుకాణం, నిజానికి గాలిని కొని పంపుతోంది. అంతర్జాలంలో అమ్మేవారు ఎంతో శ్రద్ధ పెట్టే పొట్లం విప్పే వేడుక, అనగా రంగు రిబ్బన్లు, తురుము, ధన్యవాద కార్డు, చిన్న బహుమతి, ఇవన్నీ ఈ లెక్కలోకి వచ్చేవే. కొనుగోలుదారు చదునైన అంచును చూసి ఆనందించినంతగా రిబ్బనును చూసి ఆనందించడు.

పుస్తకాలకు చవకగా పంపే సదుపాయం ఉందని విని, ఖాళీ నోటుపుస్తకాన్ని ఆ పేరుతో పంపాలని చూసేవారూ ఉన్నారు. 2025 మే 1న తపాలా శాఖ ప్రారంభించిన జ్ఞాన్ పోస్టు విద్య, సంస్కృతి, ధర్మ విషయాల అచ్చు పుస్తకాల కోసం ఏర్పడినది. అచ్చులేని నోటుపుస్తకానికి అందులో చోటు లేదు. అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైంది కనుక, పాత లెక్కతో ధరలు నిర్ణయించుకున్న దుకాణాలు తమ తపాలా ఖర్చును మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది.

శుభలేఖల ప్రత్యేకత

తెలుగువారి మధ్య చేతి కాగితానికి పెద్ద గిరాకీ శుభలేఖల నుంచే వస్తుంది. ఈ వస్తువుకు ఉన్న చిక్కులు నోటుపుస్తకానికి లేవు. నాలుగు మూలలా పసుపు రాసి పంపే ఆచారం ఉంది. తడి పసుపు ముద్దను గంజి పూత తక్కువగా ఉన్న నూలు కాగితం మీద రాస్తే అది మూల దగ్గర ఆగక లోపలికి పాకి, పక్క కార్డుకు కూడా అంటుతుంది. రాసేవారు చేత్తో తడపకుండా పొడి పసుపును వేలితో అద్ది, ప్రతి కార్డుకూ మధ్య ఒక పలుచని కాగితం ఉంచితే మంచిది. తయారీదారు ఈ సూచనను ప్రతి కట్టతో పాటు అచ్చువేసి పంపడం తనకూ పెళ్లివారికీ మేలు.

చట్టం వైపు నుంచి వచ్చిన మార్పు ఇంకొకటి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధంలో, మిఠాయి పెట్టెలు, సిగరెట్ పెట్టెలతో పాటు ఆహ్వాన పత్రికల చుట్టూ కట్టే ప్లాస్టిక్ పొరను కూడా ప్రత్యేకంగా పేర్కొన్నారు. అందువల్ల మెరిసే ప్లాస్టిక్ పొరలో శుభలేఖను చుట్టి ఇవ్వడం ఇప్పుడు కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. గ్లాసిన్ కవరు, పురికొస, పత్తి దారం ఆ చోటును చక్కగా తీసుకోగలవు. పెట్టె మూతకు వాడే టేపు విషయంలోనూ ఇదే దారి. తడిపి అంటించే జిగురు పూసిన క్రాఫ్ట్ కాగితపు టేపు అట్టపెట్టెతో కలిసి చిత్తు కాగితంలోకి వెళ్లిపోతుంది, ఎవరైనా మధ్యలో విప్పితే చింపిన గుర్తు కూడా మిగులుతుంది. లక్క ముద్ర వేసిన కవర్లు ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడవుతున్నాయి గానీ, ఆ ముద్ర ఎత్తుగా ఉండి సంచిలో పగిలిపోవడం, యంత్రంలో చిక్కుకోవడం మామూలు. ముద్ర వేసిన కవరును మరో సాదా కవరులో పెట్టి పంపడమే దానికి మార్గం. పార్సిల్‌ను తెల్ల గుడ్డలో కుట్టి, కుట్టు మీద వరుసగా లక్క ముద్రలు వేసే కాలంలో ఆ ముద్ర అలంకారం కాదు, ఎవరూ విప్పలేదనే రుజువు.

చిరునామా, సరిహద్దు

పంపే పనిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది చిరునామా. 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపకల్పనతో మొదలైన ఆరంకెల పిన్‌కోడులో మొదటి అంకె తపాలా ప్రాంతాన్ని, మొదటి రెండు అంకెలు తపాలా సర్కిల్‌ను, మొదటి మూడు అంకెలు వర్గీకరణ జిల్లాను, చివరి మూడు పంపిణీ తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. తెలంగాణ పిన్‌కోడులు 50తోను, ఆంధ్రప్రదేశ్‌వి 51 నుంచి 53 వరకూ ఉన్న అంకెలతోను మొదలవుతాయి. పేరు ఒకటే అయిన ఊర్లు రెండు రాష్ట్రాలలోనూ డజన్ల కొద్దీ ఉన్నందున, ఆర్డరు తీసుకునే దశలోనే పిన్‌కోడుకూ జిల్లా పేరుకూ పొంతన చూసుకోవడం పార్సిల్ తిరిగి రావడాన్ని ఆపుతుంది. 2025లో తపాలా శాఖ విడుదల చేసిన డిజిపిన్ దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విభజించి పది అక్షరాంకెల సంకేతం ఇస్తుంది; ఇంటి నంబర్లు సరిగా లేని కాలనీలకు ఇది ఉపకరించగలదు. లేబుల్ బార్‌కోడు చదును తలం మీద ఉండాలి, అంచు మీద మడతపడకూడదు, దాని మీద మెరిసే టేపు అంటించకూడదు. వేడికి నల్లబడే థర్మల్ కాగితపు లేబుల్‌ను ఎండలో వదిలిన కారులో పెట్టడం ఇంకా పొరపాటు. చేతిరాత చిరునామా అందంగా ఉంటుంది. అయితే నీటికి కరిగే సిరాతో రాసిన చిరునామా ఒక్క వాన తడికి మాయమవుతుంది.

విదేశాల ఆర్డర్లలో అమెరికాలోని తెలుగు కుటుంబాలు గణనీయమైన భాగం. అయితే ఆ దారి 2025లో మారిపోయింది. అంతకు ముందు 800 డాలర్ల లోపు విలువ గల సరుకు సుంకం లేకుండా అమెరికాలోకి వెళ్లేది. ఆ మినహాయింపు ఆగస్టు 29తో అన్ని దేశాలకూ తొలగిపోయింది. ఈ గందరగోళంలో మన తపాలా శాఖ ఆగస్టు చివరి వారం నుంచి అమెరికాకు సరుకుల పార్సిళ్లను తాత్కాలికంగా ఆపి, అక్టోబర్ 15న తిరిగి ప్రారంభించింది. యూరోపియన్ యూనియన్ అంతకు ముందే, 2021 జూలై 1న, 22 యూరోల లోపు వస్తువులకున్న పన్ను మినహాయింపును ఎత్తివేసింది. కాబట్టి ఇప్పుడు ఏ దేశానికైనా కస్టమ్స్ ప్రకటనలో వస్తువు పేరు, బరువు, విలువ, సరుకు వర్గీకరణ సంఖ్య నిజాయితీగా నింపడం తప్పనిసరి: నోటుపుస్తకాలు 4820 కింద, శుభాకాంక్షల కార్డులు 4909 కింద, కవర్లు 4817 కింద వస్తాయి. ‘బహుమతి’ అని రాసి విలువను తగ్గించి చూపమని కొనుగోలుదారు కోరినా ఒప్పుకోకూడదు. పార్సిల్ పోతే దొరికే పరిహారం కూడా ఆ తగ్గించిన విలువకే పరిమితం.

విత్తనాల కాగితం మరింత జాగ్రత్త కోరుతుంది. గుజ్జులో తులసి, బంతి వంటి విత్తనాలు కలిపి ఎత్తిన కార్డును నాటితే మొలకెత్తుతుందనే ఆకర్షణతో ఇది బాగా అమ్ముడవుతోంది. అయితే చాలా దేశాల వృక్ష నిర్బంధ చట్టాల దృష్టిలో అది కార్డు కాదు, విత్తనమే. అంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వస్తే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలలో సరిహద్దు దగ్గరే ధ్వంసం చేసే అవకాశం ఉంది. 2020లో అమెరికాలో అడగని విత్తనాల పొట్లాలు ఇళ్లకు చేరి కలకలం రేగిన తరువాత అక్కడ కూడా నిఘా పెరిగింది. ఎండిన పూలు అద్దిన కార్డులకూ ఇదే అనుమానం వర్తిస్తుంది. విత్తనాల కాగితాన్ని దేశంలోనే అమ్ముకోవడం, విదేశీ ఆర్డరుకు సాదా కాగితం ఇవ్వడం తెలివైన విభజన.

దేశంలోపల పెద్ద సమస్య డబ్బు చేతికిచ్చి తీసుకునే పద్ధతి. ఇంట్లో మనిషి లేకనో, మనసు మారి వద్దనడం వల్లనో వెనక్కి వచ్చిన పార్సిల్ రెండుసార్లు ప్రయాణించి, రెండు తేమలను పీల్చుకొని, మూలలు నలిగి తిరిగి వస్తుంది. ఇత్తడి దీపాన్ని తుడిచి మళ్లీ అమ్మవచ్చు, నలిగిన డెకిల్ అంచును తిరిగి అమ్మడం కుదరదు. చేతి కాగితపు వస్తువులకు ముందస్తు చెల్లింపునే పెట్టుకోవడం కొన్ని ఆర్డర్లను పోగొట్టినా మొత్తంలో లాభమే.

పార్సిల్ అందుకున్న పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. నోటుపుస్తకం గానీ కార్డు గానీ కాస్త వంగి వస్తే వెంటనే చెడిపోయిందని తేల్చుకోవద్దు. పొట్లం విప్పి, నీడలో ఒక రోజు గది గాలికి అలవాటు పడనిచ్చి, తరువాత శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి రెండు రోజులు బరువైన పుస్తకాల కింద ఉంచితే, చాలా సందర్భాలలో అది చదునవుతుంది. అప్పటికీ ముడత పోకపోతేనే దుకాణదారుకు ఫొటోతో రాయండి, పార్సిల్ అట్టను మాత్రం అంతవరకూ పారేయకండి. నష్టం ఎక్కడ జరిగిందో చెప్పేది ఆ అట్ట మీది గుర్తులే.